మోటార్ వైండింగ్ షాపులో సెమీ హాలో గిటార్

వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు మాకో మోటార్ వైండింగ్ షాపు ఉంది. బాపు పెట్టాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. హసన్‌పర్తి, ఆత్మకూరు, పరకాల వైపు నుంచి రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి గుమ్మం ముందు దింపుతారు. యాసంగిలో నీళ్లు కిందికి పోయి మోటార్లు దండిగా కాలే రోజుల్లో మాకు అన్నం తినే తీరిక ఉండదు. వానలు పడి చెరువులు నిండాక మాత్రం ఈగలు తోలుకోవడమే. ఆ ఖాళీలో పెట్టుకున్న పని ఇది.

ఆదివారం పొద్దున చర్చిలో క్వాయర్‌తో, పెళ్లిళ్ల రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాతో గిటార్ వాయిస్తాను. మోటార్లకూ గిటార్‌కూ ఏం సంబంధమని చాలామంది అడుగుతారు. ఎలక్ట్రిక్ గిటార్ విప్పి చూడనివాళ్లు అడిగే ప్రశ్న అది. తీగల కింద ఉండే పికప్ అచ్చంగా మా సరుకే. ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ వేల చుట్లు, దాన్ని ఆనుకుని ఒక అయస్కాంతం. పైన స్టీలు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో కరెంటు పుడుతుంది. మోటార్‌లో కరెంటు ఇచ్చి కదలిక తీసుకుంటాం, ఇక్కడ కదలిక ఇచ్చి కరెంటు తీసుకుంటాం. కాబట్టి పికప్ చెడిపోయినప్పుడు గిటార్‌ను హైదరాబాద్ పట్టుకుపోవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

నాది 335 తరహా సెమీ హాలో. గిబ్సన్ కంపెనీ 1958లో ఈఎస్-335 పేరుతో తెచ్చిన డిజైన్‌ను ఆ తర్వాత ఎన్నో కంపెనీలు తమ పేర్లతో చేసుకున్నాయి. నాదీ ఆ బాపతే. ఎన్ఐటీలో చదువు ముగించుకుని సామాను సర్దుకుంటున్న ఒక కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వయొలిన్‌కు ఉన్నట్టు పైన రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు, లోపల రెండు పక్కలా బోలు, నడుమ మాత్రం మెడ నుంచి చివరి దాకా ఒక చెక్క దిమ్మె. పూర్తిగా బోలుగా ఉన్న గిటార్‌ను పెద్ద సౌండ్‌లో వాయిస్తే స్పీకర్ శబ్దానికి గిటార్ ఒళ్లు కూడా ఊగుతుంది. ఆ ఊపు తీగలకు ఎక్కుతుంది, అది మళ్లీ స్పీకర్‌లోంచి వస్తుంది, అలా పెరిగి పెరిగి ఊళ పెడుతుంది. దిమ్మె ఆ ఊపును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. పూర్తిగా ఆపదు అన్న మాట గుర్తుపెట్టుకోండి. పికప్‌లు ఎంచుకునేటప్పుడు నా లెక్కంతా దాని చుట్టూనే తిరిగింది.

మెడ వైపు పికప్ గొంతు ఒక రిహార్సల్లో పోయింది. పూర్తిగా ఆగలేదు. బేస్ అంతా పోయి, పక్కింట్లో మోగే పాత రేడియోలా పలచగా వినిపించింది. రెండోది, తీగలు ఒంటి మీద ఆనే బ్రిడ్జ్ వైపుది, మామూలుగానే ఉంది. అప్పుడు చేసిన పరీక్ష గిటార్ ఉన్న ప్రతివాళ్లకూ పనికొస్తుంది. దీనికి గిటార్ విప్పనక్కర్లేదు. కేబుల్ ఒక కొస గిటార్‌కు పెట్టి, రెండో కొస ప్లగ్ మొనకూ కాడకూ మల్టీమీటర్ వైర్లు ఆనించాలి. వాల్యూమ్ ఫుల్. బ్రిడ్జ్ వైపు స్విచ్ వేస్తే దాదాపు 8 కిలో ఓములు చూపించింది. ఈ రకం పికప్‌కు అది ఉండాల్సిన అంకెనే. మెడ వైపు వేస్తే 480 దగ్గర నిలిచింది. అంటే మీటర్ చూస్తున్నది పికప్‌ను కాదు, 500 కిలో ఓముల వాల్యూమ్ పాట్‌ను, అంటే నాబ్ కింద తిరిగే నిరోధకాన్ని. పికప్‌లో ఎక్కడో తీగ తెగింది. తెగినా సన్నగా శబ్దం ఎందుకొస్తుందంటే, తెగిన చోట అటూ ఇటూ ఉన్న చుట్లు ఒక చిన్న కెపాసిటర్‌లా పనిచేసి పై స్థాయి ధ్వనుల్ని దాటిస్తాయి. లావు శబ్దం అక్కడే ఆగిపోతుంది.

పికప్ బయటికి తీసి, పైనున్న రేకు మూత సోల్డర్ కరిగించి విప్పాను. రెండు కాయిల్స్‌లో ఒకటి బాగుంది. రెండోదానిలో లోపలి కొస, అంటే చుట్టడం మొదలుపెట్టిన కొస, లీడ్ వైరుకు అతికిన చోట పచ్చగా చిలుము పట్టి తెగిపోయింది. బయటి కొస అయితే ఒక్క చుట్టు విప్పి మళ్లీ అతికేవాణ్ని. లోపలి కొస అందాలంటే మొత్తం విప్పాల్సిందే.

బాపు కుర్చీలోంచి చూస్తున్నాడు. "తెగింది దొరికింది గద, సుట్టరాదు మల్ల," అన్నాడు.

"తీగ సూడు బాపూ ముందు," అని ఒక కొస ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పైకి నెట్టి, కిందికి దించి, వెలుతురుకు పట్టి చూశాడు. చేతిలో పెట్టానో లేదో కూడా ఆయనకు తెలియలేదు. ఈ తరహా పికప్‌లకు వాడేది అమెరికన్ లెక్కలో 42 గేజ్ తీగ, మందం 0.063 మిల్లీమీటర్లు. ఒక్కో కాయిల్‌కు ఇంచుమించు 5000 చుట్లు. మా షాపులో మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే తీగలతో పని. నా చుట్టే మిషన్ మీద ఇది ఎక్కిస్తే మొదటి కుదుపుకే తెగుతుంది. దీనికి తీగ బిగువును వేలి కొసతో తూచే చెయ్యి కావాలి. బాపు ఇంకేం అనలేదు. "అయితే కొను," అన్నాడు. రిపేరు చేసుకుని బతికే మనిషి నోట ఆ మాట రావడం అరుదు.

కొనాలంటే ఏది కొనాలి? ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పాలి. మామూలు ఒంటి కాయిల్ పికప్ తీగల కదలికతోపాటు చుట్టుపక్కల కరెంటు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే గుర్రుమనే శబ్దాన్నీ పట్టుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ గుర్రు 50 దగ్గరా దాని రెట్టింపు 100 దగ్గరా వినబడుతుంది. అమెరికాలో కాలమజూ ఊళ్లో గిబ్సన్ ఫ్యాక్టరీలో పనిచేసిన సెత్ లవర్ అనే ఇంజినీర్ దీనికి మందు కనిపెట్టాడు. రెండు కాయిల్స్ పక్కపక్కనే పెట్టి, ఒకదాని చుట్టు దిశ రెండోదానికి ఎదురుగా ఉండేలా కలిపాడు. బయటి నుంచి వచ్చే గుర్రు రెండింటిలో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది. తీగల శబ్దం కూడా అలాగే పోవాలి కదా అంటే, రెండో కాయిల్‌కు అయస్కాంతం ధ్రువం కూడా తిప్పాడు. రెండుసార్లు తిరగేసరికి తీగల శబ్దం కలిసి రెట్టింపవుతుంది. హమ్‌ను అణిచేది కాబట్టి హంబకర్ అన్నారు. 1955లో పేటెంట్‌కు దరఖాస్తు, 1959లో మంజూరు. ఆ రోజుల్లో చేసిన చాలా పికప్‌ల అడుగున 'పేటెంట్‌కు దరఖాస్తు చేశాం' అని ఇంగ్లీషులో ఒక చిన్న స్టిక్కర్ ఉండేది. ఆ స్టిక్కర్ ఉన్న పాత పికప్‌ల కోసం ఈరోజు గిటార్ పిచ్చోళ్లు లక్షలు పెడతారు.

సెత్ లవర్ మీద నాకు గౌరవం పెరిగింది వేరే కారణానికి. పికప్ పైన మెరిసే మూత ఉంటుంది కదా, దాన్ని జర్మన్ సిల్వర్‌తో చేయించాడు. మన ఇళ్లల్లో పూజ పళ్లేలు, కుంకుమ భరిణెలు ఉండే లోహమే. పేరులో సిల్వర్ ఉన్నా వెండి అణువంత కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు మిశ్రమం. ఇత్తడి చవక, దొరకడం తేలిక. కానీ మారే అయస్కాంత క్షేత్రంలో ఏ రేకు పెట్టినా దానిలో సుడి కరెంట్లు పుడతాయి. అవి పై స్థాయి ధ్వనుల్ని మింగుతాయి. జర్మన్ సిల్వర్‌కు నిరోధం ఎక్కువ, సుడి కరెంట్లు తక్కువ. మోటార్ స్టాంపింగులు ఒకే దిమ్మెగా పోయకుండా పలచటి రేకులుగా ఎందుకు పేరుస్తారో తెలిసినవాడికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చవక గిటార్లలో చాలావాటికి ఇత్తడి మూతలుంటాయి. నా పాత మూత లోపల గీకి చూస్తే పచ్చగా ఇత్తడి రంగే బయటపడింది.

ఇంటర్నెట్‌లో ఎవర్ని అడిగినా సెమీ హాలోకు పాతకాలం తరహా పికప్‌లే వెయ్యమంటారు, అదీ మైనంలో ముంచనివి. సీమోర్ డంకన్ కంపెనీ సెత్ లవర్ పేరు మీదే ఒక మోడల్ చేస్తుంది, దాన్ని అసలు పద్ధతిలోనే మైనం లేకుండా వదిలేస్తారు. విన్నాను, బాగుంటుంది, కొంచెం గాలి ఆడుతున్నట్టు ఉంటుంది. నేను మాత్రం వద్దనుకున్నాను. మోనోబ్లాక్ మోటార్ వైండింగ్ అయ్యాక వార్నిష్‌లో ముంచి ఎండబెట్టకుండా నేను ఏ రైతుకూ ఇవ్వను. చుట్లు వదులుగా ఉంటే కరెంటు వెళ్తున్నంతసేపూ వణుకుతూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. పికప్‌లో మైనం చేసే పని కూడా చుట్లను కదలకుండా పట్టి ఉంచడమే. మైనం లేని పికప్‌లో చుట్లు, మూత పెద్ద శబ్దానికి వణికి వాటంతటవే మైకులా పనిచేస్తాయి. ఇంట్లో చిన్న ఆంప్ (యాంప్లిఫయర్) ముందు కూర్చుని వాయించేవాళ్లకు అది అందం. నేను నిలబడేది ఫంక్షన్ హాల్లో, వెనక డ్రమ్స్, కాళ్ల దగ్గర మానిటర్ స్పీకర్, పక్కన రెండు నిలువెత్తు పెట్టెలు. అక్కడ అది కీచుమంటుంది.

కాబట్టి అదే కంపెనీ '59 మోడల్ తీసుకున్నాను. ఆల్నికో 5 అయస్కాంతం, మైనం పట్టించింది, అవుట్‌పుట్ మరీ ఎక్కువ కాదు. మెడ వైపుది ఏడున్నర కిలో ఓముల లోపు, బ్రిడ్జ్ వైపుది ఎనిమిది పైచిలుకు. చచ్చింది ఒక్కటే అయినా రెండూ మార్చాను. కారణం ఫేజ్. రెండు పికప్‌లు వేర్వేరు కంపెనీలవైతే అయస్కాంతం దిశ, చుట్టు దిశ కలవకపోవచ్చు. అప్పుడు విడివిడిగా రెండూ బాగానే ఉంటాయి, స్విచ్ నడుమ పెట్టి రెండూ కలిపితే మాత్రం ముక్కుతో పాడినట్టు గొంతు సన్నబడిపోతుంది. వైర్లు తిప్పి సరిచేయొచ్చు. అయితే పాత బ్రిడ్జ్ పికప్‌కు జాలీ చుట్టిన ఒకే వైరు ఉంది, ఆ జాలీ మూతకూ ఎర్త్‌కూ కలిసే ఉంటుంది. తిప్పితే మూతే హాట్, అంటే సిగ్నల్ మోసే కొస, అవుతుంది. ఆ గొడవ ఎందుకని జత తెప్పించాను. డల్లాస్ నుంచి వస్తున్న మా బావమరిది బ్యాగులో తెచ్చాడు. "బావా, ఎయిర్‌పోర్టులో తీసి చూశారు, ఏందని అడిగితే ఏం చెప్పాల్నో తెల్వలే," అని ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంటాడు.

టోన్ నాబ్‌లకు వేసే కెపాసిటర్లు, షీల్డ్ వైరు, హీట్ ష్రింక్ కోసం కాజీపేటలో శాతవాహన ఎక్కి సికింద్రాబాద్ వెళ్లి కోఠి గుజరాతీ గల్లీలో తిరిగాను. అక్కడ అడగాల్సింది 0.022 మైక్రోఫారాడ్, దాని మీద 223 అని రాసి ఉంటుంది. మన సీలింగ్ ఫ్యాన్‌లో ఉండేది 2.5 మైక్రోఫారాడ్, దాంట్లో వందో వంతు కూడా లేదు ఇది. దీని మీద కూడా పెద్ద భక్తి నడుస్తోంది. ఫలానా దేశంలో ఫలానా ఏట చేసిన నూనె కాగితం కెపాసిటర్ అయితేనే టోన్ అని, ఒక్కోటి వేల రూపాయలకు అమ్ముతారు. నేను మామూలు పాలిస్టర్‌వి, టీ డబ్బులకు వచ్చేవి, వేశాను. టోన్ నాబ్ పూర్తిగా తెరిచి వాయించేవాడికి కెపాసిటర్ చేసే పని చాలా తక్కువ, తిప్పినప్పుడు దాని విలువే లెక్క, బ్రాండ్ కాదు. పాట్ల విషయం అలా కాదు. హంబకర్లకు 500 కిలో ఓములు కావాలి. తక్కువైతే పై ధ్వనులు మొద్దుబారతాయి. పాట్ మీద 500 అని రాసి ఉన్నా ఇరవై శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. అందుకే కొత్తవాటిని మీటర్‌తో కొలిచి, ఎక్కువ చూపించినదాన్ని మెడ వైపు వాల్యూమ్‌కు పెట్టాను, మొద్దుబారే గుణం దానికే ఎక్కువ కాబట్టి. ఇంకొకటి, వాల్యూమ్‌కు ఏ అని గుర్తున్నది తీసుకోండి. బీ అంటే లీనియర్, దానితో నాబ్ తిప్పుతుంటే చాలాసేపు ఏమీ మారనట్టుండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది.

ఇక అసలు పని. బోలు లేని సాలిడ్ గిటార్లలో చాలావాటికి వెనక ఒక మూత ఉంటుంది, నాలుగు స్క్రూలు తీస్తే వైరింగ్ అంతా కళ్లెదుట. సెమీ హాలోకు ఆ మూత ఉండదు. నాలుగు పాట్లు, స్విచ్, జాక్, అన్నీ ఎఫ్ రంధ్రంలోంచి బయటికి రావాలి, మళ్లీ అందులోంచే లోపలికి వెళ్లాలి. ఈ పని చేయనని చాలామంది రిపేరు వాళ్లు మొహం మీదే చెప్తారు, చేస్తే డబుల్ అడుగుతారు. అడగడంలో తప్పులేదు.

తీగలు విప్పగానే బ్రిడ్జ్ ఊడి చేతికొస్తుంది, దాన్ని ఒళ్లు గీసుకోకుండా టేపు వేసి ఉంచాలి. టేబుల్ మీద పాత దుప్పటి. పాట్ల నాబ్‌లు, నట్లు తీసేశాక, వాటిని లోపలికి నెట్టే ముందు ప్రతి పాట్ కాడకు మా సరుకు ఒకటి తొడిగాను. మోటార్ లీడ్లకు వేసే పీవీసీ స్లీవ్, 6 మిల్లీమీటర్లది. పాట్ కాడ కూడా 6 మిల్లీమీటర్లే, కొంచెం వేడి చేసి తోస్తే బిగుసుకుంటుంది. స్లీవ్ రెండో కొసకు వైండింగ్ కట్టే నూలు దారం. పాట్లు లోపలికి పోయి ఎఫ్ రంధ్రంలోంచి బయటికి వచ్చేశాక దారాలు రంధ్రాల్లోనే వేలాడుతూ ఉంటాయి. తిరిగి ఎక్కించేటప్పుడు ఆ దారం లాగితే ఏ పాట్ దాని ఇంట్లోకి అది వచ్చేస్తుంది. విదేశాల్లో దీనికి చేపల తొట్టి గొట్టం వాడతారట. స్లీవ్ అంతకన్నా సన్నం, రంధ్రంలోంచి నేరుగా దూరిపోతుంది.

పెద్ద సైజు అమెరికన్ పాట్లు పెడితే గొప్పని చెప్తారు. వాటి మెడ తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, ఆసియాలో చేసే గిటార్లకు పై రంధ్రాలు ఎనిమిది. అంటే పైచెక్క తొలవాలి. పలచటి ప్లై, పైన వార్నిష్, డ్రిల్ పెడితే రేగిపోతుంది. పైగా లావు పాట్ ఎఫ్ రంధ్రంలో దూరుతుందా లేదా అన్నది వేరే టెన్షన్. నేను 16 మిల్లీమీటర్ల చిన్న పాట్లే తీసుకున్నాను. ఓములకు సైజుతో పనిలేదు.

వైరింగ్ గిటార్ బయటే చేయాలి, కానీ పాట్ల మధ్య దూరాలు గిటార్ మీద ఉన్నట్టే ఉండాలి. దీనికి అట్ట కావాలి. మా ఇంట్లో పెళ్లి శుభలేఖలకు కొదవ లేదు. లోపల వినాయకుడి బొమ్మ, బంగారు రంగు అంచు ఉన్న ఒక దళసరి కార్డు తీసి, గిటార్ మీద పెట్టి నాలుగు రంధ్రాలు గుర్తు పెట్టుకుని, పోగరుతో పొడిచాను. పాట్లు ఆ కార్డులో బిగించి, తలకిందులుగా పెట్టుకుని సోల్డర్ చేశాను. పాట్ వెనక రేకుకు ఎర్త్ వైరు అతకడం అందరూ ఇబ్బంది పడే చోటు. 25 వాట్ల ఐరన్‌తో ఎంతసేపు పెట్టినా రేకు వేడెక్కదు, ఈలోగా లోపలి కార్బన్ పట్టీ వేగిపోతుంది. రేకును ఎమ్రీ పేపర్‌తో గరుకు చేసి, 60 వాట్ల ఐరన్‌తో రెండు సెకన్లలో అతికి తీసేయాలి. ఎక్కువ వేడి తక్కువసేపు.

కొత్త పికప్‌లకు నాలుగు రంగుల వైర్లు, ఒక ఉత్త తీగ. డంకన్ వాళ్ల లెక్కలో నలుపు హాట్, ఎరుపూ తెలుపూ కలిపి టేపు వేయాలి, ఆకుపచ్చా ఉత్త తీగా ఎర్త్‌కు. ఇదే డిమార్జియో వాళ్లదైతే ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలపాలి. ఒకరి బొమ్మ చూసి ఇంకొకరి పికప్ కలిపితే సరిగా పలకదు, అందుకే ఇంటర్నెట్ బొమ్మ కన్నా పెట్టెలో వచ్చిన కాగితాన్ని నమ్మాలి. కాగితాన్ని కూడా నమ్మనివాళ్లకు మీటర్ ఉంది. బాపు దగ్గర ముల్లు మీటర్ ఒకటి ఉంది, నేను పుట్టకముందుది. దాన్ని అతి తక్కువ డీసీ రేంజ్‌లో పెట్టి పికప్‌కు కలిపి, స్క్రూడ్రైవర్‌ను పోల్స్ మీద, అంటే ఒక్కో తీగ కింద ఉండే ఇనప మొనల మీద, టక్కున ఆనిస్తే ముల్లు ఒక పక్కకు కొడుతుంది. రెండో పికప్‌కూ అదే పక్కకు కొడితే రెండూ ఒకే ఫేజ్. త్రీ ఫేజ్ మోటార్‌లో ఒక కాయిల్ మొదలూ చివరా తారుమారైతే గుర్రుమని వేడెక్కుతుందని మాకు చిన్నప్పుడే నేర్పారు. ముల్లు కొట్టే దిశ చూడటం బాపుకు మా కన్నా బాగా వచ్చు. ఆయనే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. "రెండూ కుడికే," అన్నాడు.

నాలుగు వైర్లున్నాయి కదా, లాగితే స్విచ్‌లా పనిచేసే పాట్లు పెట్టి ఒంటి కాయిల్ శబ్దం కూడా తీసుకోవచ్చు కదా అని మా కీబోర్డు అన్న అడిగాడు. వద్దన్నాను. ఎఫ్ రంధ్రం వెనక పనిచేసే ప్రతి స్విచ్ ఒకరోజు పాడవుతుంది, ఆరోజు మళ్లీ ఈ దారాలూ స్లీవులూ ఎవరు కట్టాలి?

ఎక్కించే ముందు అంతా బయట పెట్టే ఆంప్‌కు కలిపి, స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పికప్‌ను తట్టి, ప్రతి నాబ్ తిప్పి చూడాలి. లోపలికి పోయాక తెలిసే తప్పు ఖరీదు ఎక్కువ. తీగల చివర్లు పట్టి ఉంచే టెయిల్‌పీస్ పోస్ట్ దగ్గర్నుంచి వచ్చే సన్నటి ఎర్త్ వైరును చాలామంది పట్టించుకోరు. అది కలపకపోతే తీగలు ఎర్త్ కావు, చెయ్యి ఆనించినా బజ్ తగ్గదు. జాక్ ఎక్కించడానికి ఒక చిట్కా ఉంది. బయటి జాక్ రంధ్రంలోంచి మామూలు గిటార్ కేబుల్ ప్లగ్‌ను లోపలికి తోసి, ఎఫ్ రంధ్రం దగ్గర దాన్ని బయటికి తెచ్చి, జాక్‌లో గుచ్చి, వెనక్కి లాగితే జాక్ నేరుగా రంధ్రంలో వచ్చి కూర్చుంటుంది. పాట్లలో ఎఫ్ రంధ్రానికి దూరంగా ఉన్నవి ముందు, దగ్గరవి తర్వాత. మా షాపులో పనిచేసే పిల్లాడు టార్చ్ పట్టుకుని, "అన్నా, గిది బోర్ల మోటర్ దించినట్టే ఉన్నదే," అన్నాడు. వాడి మాట నిజమే, కాకపోతే బోరులో తాడు తెగితే లక్ష పోతుంది.

ఎత్తు సర్దడం మీద సగం శబ్దం ఆధారపడి ఉంటుంది. పికప్ మార్చాలనుకునేవాళ్లకు నేను చెప్పేది, ముందు స్క్రూడ్రైవర్ తీసుకుని ఎత్తు మార్చి ఒక వారం వాయించి చూడమని. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్లో చివరిదాని (ఫ్రెట్) దగ్గర తీగను నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి పోల్ దాకా కొలిస్తే గిబ్సన్ చెప్పే లెక్క బ్రిడ్జ్ వైపు 1.6, మెడ వైపు 2.4 మిల్లీమీటర్లు. నేను మెడ వైపుది ఇంకా దించాను, అందులోనూ లావు తీగల పక్క. దించితే శబ్దం తగ్గుతుంది, కానీ కింది తీగలు ముద్దగా కలిసిపోకుండా విడివిడిగా వినబడతాయి. తగ్గిన శబ్దాన్ని ఆంప్ ఇస్తుంది. అన్నట్టు పాత ఎత్తు స్క్రూలు కొత్త పికప్‌లకు పట్టలేదు, మర వేరు. కొత్తవాటితో వచ్చినవే వాడాలి. బలవంతంగా తిప్పితే కాడల్లో మర పోతుంది.

కొత్తగా వచ్చిందేంటి? మెడ వైపు పికప్ మాటలు పలుకుతోంది. ఇదివరకు తంబురలా వెనక ఉండేది, ఇప్పుడు క్వాయర్ ఆల్టో వాళ్ల కింద గిటార్ ఏ నోటు పలికిందో తెలుస్తోంది. బ్రిడ్జ్ వైపు తేడా అంత లేదు. ఉందని ఒప్పించుకోవాలంటే ఒప్పించుకోవచ్చు, డబ్బులు పెట్టాం కదా. నిజం చెప్పాలంటే పాత బ్రిడ్జ్ పికప్‌ను కొత్త పాట్లతో, సరైన ఎత్తుతో ఉంచేసినా చాలామందికి తేడా తెలిసేది కాదు.

గుర్రు విషయంలో మాత్రం ఒక భ్రమ పెట్టుకోవద్దు. హంబకర్ గాల్లోంచి అయస్కాంతంగా వచ్చే హమ్‌నే అణుస్తుంది. ఫంక్షన్ హాల్లో జనరేటర్ మీద నడుస్తూ, ఎర్తింగ్ సరిగ్గా లేక, మిక్సర్ ఒక సాకెట్‌లో, ఆంప్ ఇంకో సాకెట్‌లో ఉంటే వచ్చే గుర్రు వైర్లలోంచి వస్తుంది. దానికి పికప్ ఏం చేయలేదు. అక్కడ రెండూ ఒకే బోర్డు మీద పెట్టించడమే పని. ఎలక్ట్రీషియన్‌తో ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు, నేనూ ఆ బాపతు వాణ్నే.

ఫీడ్‌బ్యాక్ రెండు రకాలని ఈ పని చేశాక బాగా తెలిసింది. పైన సన్నగా కీచుమనేది పికప్‌ది. దాన్ని కనిపెట్టాలంటే వాల్యూమ్ పెంచి మూత మీద గోరుతో తట్టండి, టక్కుమని గట్టిగా మైకులా వినబడితే మైనం లేనట్టే. మైనం పట్టించిన పికప్‌లతో ఆ కీచు పోయింది. కింద, లావు తీగల దగ్గర ఒక నోటు మీద మాత్రం ఊమ్మని మొదలయ్యేది గిటార్ ఒంటిది. అది పోలేదు, పోదు కూడా, బోలు ఉన్నంతకాలం ఉంటుంది. మానిటర్ స్పీకర్‌కు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి నిలబడతాను. మరీ పెద్ద సౌండ్ ఉన్న రోజున సోఫాల్లో వేసే స్పాంజిని ఎఫ్ ఆకారంలో కోసి రంధ్రాల్లో కుక్కుతాను. నల్ల గుడ్డ అతికిస్తే స్టేజీ మీదకు కనబడదు. పెళ్లి వీడియోగ్రాఫర్ ఒకసారి దగ్గరగా జూమ్ చేసి, "అన్నా, గిటార్‌కు దూది పెట్టిన్రేంది?" అని అడిగాడు.

మిగిలిన బ్రిడ్జ్ పికప్ షాపు సొరుగులో కార్బన్ బ్రష్‌ల పక్కన ఉంది. మా తమ్ముడి కొడుకు దాని మీద కన్నేశాడు. వాడిది ఒంటి కాయిల్స్ ఉన్న సాలిడ్ గిటార్, హంబకర్ పట్టాలంటే చెక్క తొలవాలి, ప్లాస్టిక్ పలక కొయ్యాలి, పాట్లు 250 నుంచి 500కు మార్చాలి. "పెదనాయినా, వచ్చే ఆదివారం చేద్దామా?" అంటాడు. బోర్లు మళ్లీ ఎండటం మొదలైంది, నిన్న ఒక్కరోజే వర్ధన్నపేట వైపు నుంచి నాలుగు మోటార్లు దిగాయి. యాసంగి గడిచాక చూద్దామని చెప్పాను.